చెట్టు వెనక స్పీడ్ గన్: ఏ చలాన్ కట్టాలి, ఏ చలాన్ మీద కొట్లాడాలి

ఎల్బీ నగర్‌లో నాది చిన్న ట్రావెల్స్. బళ్లు ఎక్కువగా విజయవాడ రోడ్డు మీదే తిరుగుతాయి. మిగతా టైంలో ఎయిర్‌పోర్టు, ఔటర్ రింగ్ రోడ్డు. డ్రైవర్లందరూ నన్ను అక్కా అనే పిలుస్తారు, నాకంటే పదేళ్లు పెద్దాయనతో సహా. చలాన్ మెసేజ్ ఓనర్ నంబర్‌కే వస్తుంది కాబట్టి ఆ లెక్క చూసేది, డ్రైవర్‌ని అడిగేది, అవసరమైతే ఫిర్యాదు రాసేది అంతా నేనే. ఈ పనిలో తెలిసినవి సొంత కారులో ఊరెళ్లే వాళ్లకు కూడా పనికొస్తాయని రాస్తున్నా. పోలీసులు స్పీడ్ గన్ (బండి వేగం కొలిచి ఫొటో తీసే పరికరం) ఎక్కడ పెడుతున్నారో మాత్రం చెప్పను. పొద్దున చౌటుప్పల్ దగ్గరున్నది మధ్యాహ్నానికి చిట్యాల దాటి ఉండొచ్చు.

ముందు డబ్బుల సంగతి. తెలంగాణలో కారుకు ఓవర్ స్పీడ్ చలాన్ అంటే 1,000 రూపాయల జరిమానా, 35 రూపాయల యూజర్ ఛార్జీ, మొత్తం 1,035. కేంద్ర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 183లో కారు లాంటి చిన్న బండికి 1,000 నుంచి 2,000 దాకా, లారీ, బస్సు లాంటి వాటికి 2,000 నుంచి 4,000 దాకా ఉంది. మళ్లీ దొరికితే లైసెన్స్ మీదికి కూడా వస్తుంది. బత్తా మీద బతికే డ్రైవర్‌కి ఒక్క ఫొటోతో రెండు రోజుల బత్తా పోయినట్టే.

గన్ ఎలా చూస్తుంది

"అక్కా, చెట్టెనక నిలబడి కొట్టిండు. ముందుగాల కనవడితే బ్రేక్ కొట్టెటోణ్ని గద!" చలాన్ పడిన ప్రతిసారీ నాకు వినపడే మాట ఇదే. నిజానికి ఆ పోలీసాయన చెట్టు ముందు నిలబడినా తేడా ఏమీ ఉండదు.

ట్రైపాడ్ మీద పెట్టేది లేజర్ గన్. కంటికి కనపడని కాంతిని సెకనుకు వందకు పైగా సార్లు కొట్టి, అది బండికి తగిలి వెనక్కి వచ్చే టైంని బట్టి దూరం లెక్కేస్తుంది. దూరం ఎంత వేగంగా తగ్గుతోందో అదే మీ స్పీడు. ఇదంతా అర సెకను లోపే అయిపోతుంది, అదీ వందల మీటర్ల దూరం నుంచి. మీకు ఖాకీ చొక్కా, గొడుగు కనపడేసరికి రీడింగ్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునే డిటెక్టర్లు కూడా ఇందుకే దండగ. అవి కూతపెట్టేది లేజర్ తగిలాకే.

అందుకని గన్ కనపడగానే సడన్ బ్రేక్ కొట్టడం మా దగ్గర నిషేధం. 100 మీద పోయే బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. వెనక లోడు లారీ ఉంటే దాని డ్రైవర్‌కి మీ బ్రేక్ లైటు చూసి కాలు వేసే లోపే ఆ 28 మీటర్లు కరిగిపోతాయి. 1,035 మిగిల్చుకుందామని డిక్కీ పోగొట్టుకోవడం ఏం లెక్క?

ఇంకో వాదన: "పక్క నుంచి కొట్టిండు, అందుకే ఎక్కువ చూపించింది." ఇది తిరగేసి చెప్పడం. గన్ రోడ్డుకి ఎంత పక్కకి ఉంటే రీడింగ్ అంత తగ్గుతుంది. పది డిగ్రీల కోణంలో 100 మీద పోతే అది 98 చిల్లర చూపిస్తుంది, ఇరవై డిగ్రీలైతే 94. అంటే కోణం వల్ల లాభం ఎప్పుడూ మనకే. గన్ తప్పు చేయదని కాదు. గురి బండి మీద ఒక చోట నిలవకుండా జారితే, లేదా రెండు బళ్లు పక్కపక్కన ఉంటే తేడా వచ్చే అవకాశం ఉంది. మూడు వందల మీటర్ల దూరంలో ఆ కిరణం వెడల్పు సుమారు మీటరు ఉంటుంది. ఫొటోలో గురి గుర్తు ఉంటే అది మీ బండి మీద ఉందా, పక్క బండి మీద ఉందా చూడండి. అడగాల్సిన ప్రశ్న అది.

మీటరులో 80, చలాన్‌లో 86

డ్యాష్‌బోర్డు స్పీడోమీటర్‌ని కంపెనీ వాళ్లు కావాలనే కొంచెం ఎక్కువ చూపించేలా పెడతారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించొచ్చు, పది శాతం మీద ఇంకో నాలుగు కిలోమీటర్ల దాకా. కాబట్టి మీటరులో నిజంగా 80 ఉంటే బండి వేగం 80 లోపే. చలాన్‌లో 86 వచ్చిందంటే, ఆ క్షణానికి ముల్లు 80 దగ్గర లేదన్నమాట. ఒక్క మినహాయింపు ఉంది: కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేయించిన బండి. చక్రం ఒక్కసారి తిరిగితే ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి ఆ సంగతి తెలియదు. ఎత్తుగా కనపడుతుందని పెద్ద టైర్లు వేయించే కుర్రాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

సరిచూసుకోవడం తేలిక. గూగుల్ మ్యాప్స్ సెట్టింగ్స్‌లో నావిగేషన్ కింద స్పీడోమీటర్ ఆన్ చేయండి. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో కాసేపు పోతూ, పక్క సీట్లో ఉన్నవాళ్లను రెండు అంకెలూ చదవమనండి. ఆ తేడా ఎంతో తెలిస్తే చాలు. కెమెరా అలర్ట్‌లు కూడా అందులో వస్తాయి కానీ, స్తంభానికి బిగించిన కెమెరాలకైతే కొంత నమ్మొచ్చు. ట్రైపాడ్ గన్‌ని నమ్ముకోవడానికి మాత్రం పనికిరాదు. వాట్సాప్ గ్రూపుల్లో "ఫలానా బ్రిడ్జి దిగగానే ఉన్నాడు" అని వచ్చే మెసేజ్ మీరు చదివేటప్పటికి పాతబడి ఉంటుంది. పైగా అది చదువుతూ నడిపితే సెల్‌ఫోన్ చలాన్.

2019 జూలై నుంచి తయారైన కార్లలో 80 దాటితే బీప్ బీప్‌మంటుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. మా కస్టమర్లకు ఆ శబ్దం చిరాకు. నాకది తక్కువ జీతానికి దొరికిన సూపర్‌వైజర్.

టాక్సీ ఓనర్లకు ఒక్క మాట. కంపెనీ నుంచి టాక్సీగా వచ్చే బండికి స్పీడ్ గవర్నర్, అంటే వేగం 80 దాటకుండా ఆపే పరికరం ఉంటుంది. పికప్ రావట్లేదని చాలామంది దాన్ని పీకించేస్తారు. ఇప్పుడు ఆ పసుపు ప్లేటు బండికి 96 స్పీడుతో చలాన్ పడిందనుకోండి. 1,035 సంగతి అటుంచండి, గవర్నర్ పని చేయట్లేదని ఫొటో, తేదీ, టైంతో సహా రికార్డు తయారైంది. రేపు ఆ బండికి యాక్సిడెంట్ అయి ఇన్సూరెన్స్ వాళ్లు పాత కాగితాలు తీస్తే మన నోట మాట రాదు. అలాంటి చలాన్ వచ్చిన రోజే బండిని మెకానిక్ దగ్గరికి పంపాలి.

లిమిట్ ఎక్కడ మారుతుందో అక్కడే దొరుకుతారు

హైదరాబాద్ సిటీలో కార్లకు డివైడర్ ఉన్న రోడ్డు మీద 60, డివైడర్ లేకపోతే 50, కాలనీల్లో 30. టూ వీలర్లకు, లారీలకు ఇంకో పది తక్కువ, కాలనీల్లో మాత్రం అందరికీ అదే 30. ఖాళీ ఫ్లైఓవర్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కకపోయినా బండి దానంతటదే 70కి పోతుంది. దిగే చోట గన్ పెట్టడం అన్యాయమని మావాళ్లు అంటారు. కానీ దిగగానే జనం రోడ్డు దాటేదీ, సిటీ బస్సు ఆగేదీ అక్కడే. పైనుంచే ఒక గేరు తగ్గించి దిగడం ఒక్కటే దారి.

ఔటర్‌లో తికమక వేరు. 2023లో లిమిట్ 100 నుంచి 120కి పెంచారని అందరికీ తెలుసు. అది డివైడర్ పక్కనున్న మొదటి రెండు లేన్లకే అన్నది సగం మందికి తెలియదు. మూడు, నాలుగు లేన్లలో 80 మాత్రమే. లేన్లు లెక్కపెట్టేది డివైడర్ వైపు నుంచి. నాలుగో లేన్‌లో 105 మీద పోతూ "120 కదా" అంటే చెల్లదు. మా టాక్సీలు ఎలాగూ 80 దాటకూడదు కాబట్టి మూడో లేన్ వదలొద్దని చెబుతాను. 40 కంటే మెల్లగా పోవడం కూడా అక్కడ తప్పే.

విజయవాడ హైవే మీద అసలు గొడవ ఊళ్ల దగ్గర. పొలాల మధ్య హాయిగా పోతున్న బండికి ఊరు మొదట్లో ఒక్కసారిగా చిన్న అంకె బోర్డు వస్తుంది. మొన్న నేనే బండిలో ముందు సీట్లో కూర్చుని ఒక బోర్డు కోసం వెతికాను. అంకెలో సగం దాకా వేప కొమ్మ కప్పేసింది, మిగతా సగం మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. దండం పెడుతున్న నాయకుడు కనపడుతున్నాడు, స్పీడ్ లిమిట్ కనపడటం లేదు. గన్ దాచుకోండి, నాకు అభ్యంతరం లేదు. బోర్డు దాచడం మాత్రం మోసం. ఇలాంటివి కనపడితే బండి పక్కకి ఆపి ఫొటో తీసి పెట్టుకోండి, కిలోమీటరు రాయి కూడా ఫొటోలో పడేలా. మా డ్రైవర్లకు నేను పెట్టిన పద్ధతి: ఊరి పేరు బోర్డు, బారికేడ్లు, జీబ్రా గీతలు, స్కూలు, ఈ నాలుగింటిలో ఏది దూరంగా కనపడినా కాలు పెడల్ మీది నుంచి తీసేయాలి. లిమిట్ బోర్డు ఉందా లేదా అని చూడక్కర్లేదు.

టైం పోతుందని కస్టమర్లు గొణుగుతారు. వంద కిలోమీటర్లు 80 మీద పోతే గంటంపావు, 100 మీద పోతే గంట. కాగితం మీద పావుగంట లాభం. చౌటుప్పల్ ట్రాఫిక్, టోల్ క్యూ, సూర్యాపేటలో టీ కలిస్తే ఆ పావుగంట ఎక్కడా మిగలదు. ఫ్లైట్ టైం అయిపోతోందని మరీ తొందరపెడితే మా పెద్దాయన ఒక్కటే అడుగుతాడు: "పోనిస్త సార్, వెయ్యి ముప్పైఐదు మీరు గడ్తరా?" అక్కడితో కారులో మాటలు ఆగిపోతాయి.

దాక్కుని కొట్టడం చట్టమేనా?

2021 ఆగస్టులో కేంద్రం మోటారు వాహన నిబంధనల్లో 167ఎ అని కొత్తగా చేర్చింది. స్పీడ్ కెమెరా, సీసీటీవీ, స్పీడ్ గన్ అన్నీ దాని కిందికే వస్తాయి. అందులో మనకు పనికొచ్చేవి చెబుతాను. పరికరానికి ఆమోదం సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. నిఘా ఉన్న రోడ్డుకి ముందే హెచ్చరిక బోర్డు కనపడేలా పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. చలాన్‌లో నంబర్ ప్లేటు కనపడే ఫొటో, గన్ కొలిచిన స్పీడు, తేదీ, టైం, చోటు, ఏ సెక్షనో ఉండాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఉండాల్సిన సర్టిఫికెట్ కూడా.

కానిస్టేబుల్ నడిరోడ్డు మీద కనపడేలా నిలబడాలని మాత్రం అందులో ఎక్కడా లేదు. కాబట్టి "చెట్టు వెనక ఉన్నాడు" అన్న ఒక్క మాట మీద చలాన్ కొట్టేయించుకోలేరు. హెచ్చరిక బోర్డే లేదు, లిమిట్ బోర్డు కనపడలేదు, నెల తర్వాత నోటీసు వచ్చింది, ఫొటోలో ప్లేటు మసకగా ఉంది, ఇలాంటివైతే వాదనకు బలం ఉంటుంది.

ఇదంతా డబ్బుల కోసమేనని మావాళ్లు గట్టిగా నమ్ముతారు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేను. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద టూ వీలర్లకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ 80 శాతం, 60 శాతం. వచ్చిన వెంటనే కట్టినవాళ్లం నోరు తెరుచుకుని చూశాం. అప్పట్నుంచీ ఏ డ్రైవర్‌ని అడిగినా "ఇంకోసారి ఆఫర్ వస్తది, ఆగక్కా" అంటాడు. మన దగ్గర చలాన్‌కి ఆషాఢం సేల్ గతి పట్టించింది పోలీసులే, డ్రైవర్లు కాదు. ఇంకో పక్క, 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో దాదాపు 71 శాతం ఓవర్ స్పీడ్ ఖాతాలోనే రాశారు. గుంత వల్ల అయినా, లైటు లేని ట్రాక్టర్ వల్ల అయినా కాగితం మీద అతివేగం అని రాసేయడం తేలికని నాకూ తెలుసు. అందులో సగమే నిజమనుకున్నా చిన్న సంఖ్య కాదు.

మెసేజ్ వచ్చాక చేయాల్సింది

మొదట అది నిజమైన చలానేనా చూడండి. వాట్సాప్‌లో "ఆర్టీవో చలాన్" పేరుతో APK ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే ముట్టుకోవద్దు. అది ఇన్‌స్టాల్ అయితే బ్యాంకు ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి. పొరపాటున నొక్కి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మెసేజ్‌లోని లింకు ద్వారా కాకుండా, మీరే పోలీసుల ఈ-చలాన్ సైటు తెరిచి బండి నంబర్ కొట్టండి. రాష్ట్రం దాటి వెళ్లిన బండి అయితే తెలంగాణ సైటు ఒక్కటే చూసి ఊరుకోవద్దు. కోదాడ దాటాక పడినవి ఏపీ వైపు చూడాలి, కేంద్ర రవాణా శాఖ పరివాహన్ సైటు కూడా చూడాలి. సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు కూడా ఇదే పని చేయండి. పాత ఓనర్ చలాన్లు బండితో పాటే వస్తాయి.

ఆ తర్వాత ఫొటోని పెద్దది చేసి తీరిగ్గా చూడండి. ఒకసారి మా డిజైర్ నంబర్ మీద, మా బండి ఎప్పుడూ పోని రోడ్డులో ఓవర్ స్పీడ్ పడింది. ఫొటోలో కూడా తెల్ల డిజైరే. నిజమేనేమో అనిపించేలా ఉంది. జూమ్ చేస్తే నంబర్‌లో మన యూ అక్షరం ఉండాల్సిన చోట వీ ఉంది, కింద మొన తేలి ఉంది. మా బండికి అద్దం మీద ఎడమ పక్క టాక్సీ స్టిక్కర్ ఉంటుంది, దానికి లేదు. ప్లేటు కూడా పసుపు కాదు, తెలుపు. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీస్తే, చలాన్‌లో రాసిన టైంకి ఏడు నిమిషాల ముందు మా బండి విజయవాడ రోడ్డు మీదున్న కొర్లపహాడ్ టోల్ దాటింది. అవన్నీ జతచేసి పంపాను. మొదటిసారి జవాబు లేదు. రెండోసారి రిమైండర్ పెట్టాక చలాన్ తీసేశారు, సారీ మాత్రం చెప్పలేదు.

ఫిర్యాదులో కథ రాయొద్దు. నేను పంపేది ఇంతే:

"చలాన్ నంబర్ ఫలానా, తేదీ ఫలానా. ఫొటోలో ఉన్న వాహనం నాది కాదు. నంబర్‌లో నాలుగో అక్షరం తప్పుగా చదివారు. అదే సమయానికి నా వాహనం వేరే చోట ఉన్నట్టు ఫాస్టాగ్ రికార్డు జతచేశాను. ఆర్‌సీ, వాహనం ముందు భాగం ఫొటో కూడా జతచేశాను. పరిశీలించి చలాన్ రద్దు చేయగలరు."

స్పీడు రీడింగ్ మీదే అనుమానం ఉంటే గన్ సర్టిఫికెట్ తేదీ, ఆ చోట లిమిట్ ఎంత, హెచ్చరిక బోర్డు ఎక్కడ ఉంది అని అడగండి. టాక్సీలకు బిగించిన జీపీఎస్ ట్రాకర్ ఉంటే ఆ నిమిషం లాగ్ తీయించి పంపండి. ట్రాకర్ కూడా 92 చూపిస్తే మాత్రం నోరు మూసుకుని కట్టేయండి, నేనైతే అంతే చేస్తాను. ఫిర్యాదుతో తేలకపోతే కోర్టు ఉంది. వర్చువల్ కోర్టుకి (ఆన్‌లైన్‌లో నడిచే కోర్టుకి) వెళ్లిన చలాన్లకు కట్టడం, వాదించడం రెండు ఆప్షన్లూ ఉంటాయి. వాదిస్తానంటే మామూలు కోర్టుకి బదిలీ అవుతుంది. ఒక రోజు బండి ఆగితే పోయేది 1,035 కంటే ఎక్కువే. అందుకని నిజంగా మనది కాని చలాన్ మీదే కొట్లాట, మిగతావి కట్టేయడం.

ఎవరు కట్టాలన్నది ముందే మాట్లాడుకోవాలి. పోలీసులు అడిగితే ఆ టైంలో ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత సెక్షన్ 133 కింద ఓనర్‌ది, కాబట్టి ట్రిప్ షీటు రాయించండి. మా దగ్గర స్పీడు చలాన్ డ్రైవర్‌ది, రాంగ్ పార్కింగ్ ఆఫీసుది. పికప్ పాయింట్ చెప్పేది మేమే కదా. కట్టాక రసీదు డౌన్‌లోడ్ చేసి డ్రైవర్ ఫోన్‌కి కూడా పంపండి. డబ్బులు కట్ అయినా ఒక్కోసారి సైటులో ఇంకా పెండింగ్ అనే చూపిస్తుంది. రోడ్డు మీద బండి ఆపినప్పుడు చేతిలో ఆ రసీదు లేకపోతే ఎంత చెప్పినా వినరు. రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ నంబర్ కొట్టి, లిస్టులోంచి పోయిందో లేదో చూసుకోండి.